సుద్దగీత దాటని ఊరు

వుబ్బో హూకెమా ముప్ఫయ్యెనిమిదేళ్ళు మా ఊరి రోడ్ల మీద తెల్లగీతలు వేశాడు. సైకిళ్ళు ఇటు, కార్లు అటు, మనుషులు ఇక్కడ ఆగాలి, ఇక్కడ దాటాలి, అంతా ఆయన రంగు డబ్బా పెత్తనమే. రిటైరయ్యాక పాపం ఆయనకి గీసుకోడానికి ఏడాదికి ఒక్క గడి మిగిలింది. ఆ గడి గురించీ, మా ఊరు దాన్ని ఎంత భక్తిగా కాపాడిందో ఆ సంగతీ చెబుతాను. చెబుతుంటే నాకే ఒళ్ళు మండుతుంది. అయినా చెబుతాను.

నా పేరు లామ్మి. పార్కులో చెరువు పక్కన ఉన్న కాఫీ బడ్డీ ఇరవై రెండేళ్ళుగా నాదే. రాజుగారి పుట్టినరోజు వచ్చిందంటే ఊరు ఊరంతా రాజవంశపు రంగని నారింజరంగు బట్టలు తగిలించుకుని, అటక మీది పాత సామానంతా మోసుకొచ్చి, పార్కు బాట మీద పరుచుకుని ఒకరికొకరు అమ్ముకుంటారు. ఈ ఏడు మా ఇంట్లోంచి పోయిన ఇస్త్రీపెట్టె వచ్చే ఏడు మీ ఇంట్లోంచి మళ్ళీ వస్తుంది. చోటు కోసం ఎవరూ కొట్టుకోరు. మూడు రోజుల ముందే వచ్చి, బాట మీద సుద్దతో గడి గీసి, పేరు రాసి, దాని కింద పెద్దక్షరాలతో "బెజెట్" అని రాసి పోతారు. నిండింది, ఇందులో మనిషున్నాడు అని దాని అర్థం. మరుగుదొడ్డి తలుపు మీద ఉండేదీ ఇదే మాట. ఈ పద్ధతి ఏ చట్టంలోనూ లేదు. కానీ మా ఊళ్ళో సైకిళ్ళు దొంగిలించేవాడు కూడా ఒకరి గడిలో కాలు పెట్టడు.

ఆ ఏడు రాజుగారి పుట్టినరోజు శనివారం పడింది. వుబ్బో బుధవారం సాయంత్రం వచ్చి గడి గీసుకుని వెళ్ళాడు. గురువారం పొద్దున వంటింట్లో పడిపోయాడు. కుడి చెయ్యీ కుడి కాలూ చచ్చుబడ్డాయి, నోరు పక్కకి పోయింది, లేవలేకపోయాడు. ఇంట్లో ఒక్కడే. ఎవరైనా వచ్చి తలుపు తడితే బతుకుతాడు, రాకపోతే లేదు. ఈ సంగతి మాకు తరవాత తెలిసింది. మీకు ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ మూడు రోజులూ మేం వెలగబెట్టిన మర్యాద ఎలాంటిదో మీరు ఇది తెలిసే వినాలి.

ముందు మనిషి గురించి చెప్పనివ్వండి. పెళ్ళి చేసుకోలేదు. తల్లి బతికున్నన్నాళ్ళూ తల్లితో, ఆమె పోయాక ఆమె కుర్చీతో కాపురం చేశాడు. చలికాలమంతా కిటికీ దగ్గర కూచుని జిగ్సా బొమ్మల అట్టముక్కలు పేర్చేవాడు. పేర్చడం అయిపోయాక మళ్ళీ విడదీసి, లెక్కపెట్టి, డబ్బా మూత మీద అందమైన అక్షరాలతో రాసేవాడు: "రెండు ముక్కలు తక్కువ. ఒకటి ఆకాశం, ఒకటి ఆవు." ఆ డబ్బాలే పుట్టినరోజుకి తెచ్చి అమ్మేవాడు. కొనేవాళ్ళు ఉండేవారు కూడా. ఏ ముక్క లేదో ముందే తెలిస్తే మా వాళ్ళకి అదో నిశ్చింత.

రోజూ పది ఇరవైకి నా బడ్డీకి వచ్చేవాడు. పది ఇరవై అంటే పది ఇరవయ్యే, పద్దెనిమిదికి వస్తే రెండు నిమిషాలు చెట్టు కింద నిలబడేవాడు. కాఫీ, దాంతో ఒక బిస్కెట్టు. మా దేశంలో కాఫీతో ఒక్క బిస్కెట్టే, రెండోది అడిగిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. తాగినంతసేపూ ఏదో ఒక వంక పెట్టేవాడు.

"లామ్మీ, నీ బల్ల రెండంగుళాలు బయటికొచ్చింది."

"దేన్లోంచి బయటికొచ్చింది వుబ్బో?"

"గీతలోంచి."

"ఇక్కడ గీతెక్కడుందయ్యా?"

"లేదు. ఉండాలి," అనేసి కప్పు బోర్లించి పోయేవాడు.

అలాంటి మనిషికి పక్కగడిలో ఎవరు దొరికారో చూడండి. ఫెన్నా. ముప్ఫయ్యేళ్ళు సంతలో బండి పెట్టి హెర్రింగ్ చేపలు అమ్మింది. గొంతు విప్పిందంటే చెరువులో బాతులు అవతలి ఒడ్డుకి పోతాయి. మొగుడు పోయి చాన్నాళ్ళయింది, పిల్లలెవరూ లేరు, నోరొక్కటే తోడు. గుడ్లు పెట్టుకునే చిన్న చిన్న పింగాణీ గిన్నెలు, ఊలు మేజోళ్ళు పరుచుకుని అమ్మేది. ఆమె దుప్పటి ప్రతి ఏడూ నాలుగు వేళ్ళ మేర వుబ్బో గీత దాటేది. కావాలనే దాటించేది. నేను ఇరవైసార్లు చూశాను, చేత్తో లాగి మరీ దాటించేది.

వుబ్బో జేబులోంచి టేపు తీసి కొలిచేవాడు.

"ఫెన్నా, తొమ్మిది సెంటీమీటర్లు."

"అయితే ఏంటంట? నీ ఆవు బొమ్మలకి ఊపిరాడ్డం లేదా?"

"గీత గీతే."

"గీత గీతే, గోడ గోడే, నువ్వు నువ్వే! అబ్బబ్బ, నిన్ను చేసుకోనిది ఎవత్తో గానీ దాని అదృష్టమే అదృష్టం."

దుప్పటి వెనక్కి లాక్కునేది. గంటాగి మళ్ళీ తోసేది. సాయంత్రం దాకా ఇదే భాగోతం. పుట్టినరోజు అయిన వారానికి వుబ్బో ఆమెకి ఉత్తరం రాసేవాడు. ప్రతి ఏడూ, తపాలా బిళ్ళ అంటించి, ఐదు నిమిషాలు నడిస్తే వచ్చే ఇంటికి. "గౌరవనీయులైన ఫెన్నా గారికి, ఈ ఏడు తమరి దుప్పటి మా గడిలోకి తొమ్మిది సెంటీమీటర్లు వచ్చినట్టు గమనించాను. వచ్చే ఏడు ఇలా జరగదని ఆశిస్తాను." పైన కుడిమూల తన చిరునామా, వీధి పేరూ ఇంటి నెంబరూ సహా. ఫెన్నా ఆ ఉత్తరాలు నా బడ్డీకి తెచ్చి, అందరికీ వినిపించేలా చదివి, పడీ పడీ నవ్వేది. "ఇరవయ్యారేళ్ళుగా నాకు మానకుండా ఉత్తరం రాస్తున్న మగాడు వీడొక్కడే," అనేది. చింపి పారేసిందా అంటే లేదు, అన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచింది.

ఈ ఇరవయ్యారేళ్ళలో ఆయన ఆమె ఇంటికి వెళ్ళలేదు, ఆమె ఆయన ఇంటికి వెళ్ళలేదు. అందులో వింతేమీ లేదు. మా దగ్గర ఎవరి తలుపైనా తట్టాలంటే ముందు తేదీ కావాలి. మా అక్క మా పక్క వీధిలోనే ఉంటుంది. దాన్ని చూడాలంటే ఫోను చేసి, ఇద్దరం డైరీలు తెరిచి, ఆ వారం కుదరదు, ఆ పై వారం నాకు కుదరదు అనుకుని, మూడు వారాల తరవాత బుధవారం దొరికితే సంతోషించాలి. చెప్పకుండా వెళ్ళానా, గుమ్మంలోనే మొహం పాలిపోయి "ఎవరు పోయారు?" అంటుంది. ఇళ్ళకి కర్టెన్లు మాత్రం వెయ్యం. వీధిలో పోయేవాళ్ళకి మా బల్లా, మా దీపం, మా పళ్ళెంలో బంగాళాదుంపలూ అన్నీ కనిపిస్తాయి. దాచుకునేదేమీ లేదని చూపించడం మా గొప్ప. అటు చూడకుండా పోవడం పోయేవాళ్ళ గొప్ప.

గురువారం వుబ్బో కాఫీకి రాలేదు. పది ఇరవై అయింది, పదిన్నర అయింది. పదీ నలభైకి ఆయన కప్పు తీసి వెనక పెట్టేశాను. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళుంటాడనుకున్నాను. నాకు చెప్పకుండా వెళ్ళాడని కోపం కూడా వచ్చింది. శుక్రవారమూ రాలేదు. రెండు రోజులు వరసగా రాకపోవడం ఇరవై రెండేళ్ళలో లేదు. నా బడ్డీ నుంచి ఆయన ఇంటికి నడిచి నాలుగు నిమిషాలు, సైకిలు మీద రెండు. ఒక్కసారి చూసొద్దామా అని మనసులో అనుకున్నాను, అబద్ధమెందుకు. వెంటనే, వెళ్ళి ఏమని చెప్పను, తేదీ లేదుగా, అనుకున్నాను. అనుకుని బిస్కెట్లు సర్దుకున్నాను.

శనివారం పొద్దున ఆరున్నరకే జనం మొదలయ్యారు. ఏడు గంటలకి ఒక తల్లి ఇద్దరు ఆడపిల్లల్ని, బొమ్మల పెట్టెనీ లాక్కుంటూ వచ్చింది. ఊరికి కొత్త కాబోలు, చోటు ముందుగా పట్టుకోవాలని తెలియదు. వుబ్బో గడి ఖాళీగా కనిపించి దుప్పటి విప్పబోయింది.

బడ్డీలోంచి నేనే అరిచాను. "అమ్మా, అక్కడ కాదు! అది నిండింది!"

"ఎవరూ లేరుగా?"

"పేరు రాసుంది చూడలేదా? వుబ్బో హూకెమా. వస్తాడు. మొదటినుంచీ ఆ చోటు ఆయనదే."

పాపం ఆవిడ ఎర్రబడిపోయి, పదిసార్లు క్షమించమని, పిల్లల్ని లాక్కుని చెరువు అవతలికి పోయింది. నాకు ఒక మంచిపని చేసినట్టనిపించింది. అదే సమయానికి ఆ పేరు గల మనిషి వంటింటి గచ్చు మీద, నోట్లో తడి లేకుండా, గడియారం చప్పుడు వింటూ పడున్నాడు.

తొమ్మిదయ్యేసరికి బాట మీద ఇసకేస్తే రాలడం లేదు. ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతోంది, పిల్లల బళ్ళు ఇరుక్కుపోతున్నాయి. మధ్యలో వుబ్బో గడి మాత్రం కడిగిన పళ్ళెంలా ఖాళీ. మూడు మీటర్ల పొడుగు, రెండు మీటర్ల వెడల్పు, నాలుగు మూలలూ కత్తితో కోసినట్టు. జనం దాని దాకా వచ్చి, ఆగి, ఒకరి వెనక ఒకరు వరసకట్టి, అంచు వెంట నడిచి అవతలికి పోతున్నారు. ఒకాయన కుక్క గొలుసు లాక్కుని గడి మధ్యలోంచి పరిగెత్తింది. ఆయన దాన్ని వెనక్కి లాగి, ఖాళీ గడి వైపు చూసి "క్షమించండి" అన్నాడు. అన్నాడండీ, నా చెవులతో విన్నాను.

"వుబ్బో ఇంకా రాలేదే," అని ఒకరన్నారు. "వస్తాడులే, చోటుందిగా," అని ఇంకొకరన్నారు. ఆ చోటుని చూసే అందరికీ ధైర్యం. గడి ఉంది కాబట్టి మనిషి ఉన్నట్టే. బట్టతలాయన ఒకడైతే "ఈ రోజుల్లో కూడా చూడండి, ఎవరూ ఆక్రమించలేదు, ఇదీ మన ఊరంటే!" అని భార్యతో గర్వంగా చెప్పుకున్నాడు. ఆవిడ ఫోనులో ఫోటో తీసింది.

ఒక్క ఫెన్నా మాత్రం కుదురుగా లేదు. తొమ్మిదింటికి దుప్పటి నాలుగు వేళ్ళు దాటించి, చేతులు కట్టుకుని గేటు వైపు చూసింది. ఎవరూ రాలేదు. పావుగంటాగి ఒక గుడ్డు గిన్నె తీసి గీతకి అవతల పెట్టింది. మళ్ళీ చూసింది. పదింటికి దుప్పటి మూరెడు లోపలికి పోయింది. పదకొండుకి మేజోళ్ళ బుట్ట మొత్తం వుబ్బో గడిలో ఉంది. అటూ ఇటూ వాళ్ళు గుసగుసలు మొదలెట్టారు. నాకు సిగ్గేసి బడ్డీ వదిలి వెళ్ళాను.

"ఏంటే ఫెన్నా ఇది? మనిషి లేనప్పుడు జరుపుకోడానికి సిగ్గు లేదూ?"

"వాడు రావాలనే జరుపుతున్నా."

"అంటే?"

"అంటే ఏంటి అంటే! నాలుగు వేళ్ళకే టేపు పట్టుకుని ఎగిరే మనిషి. మూరెడు పోయింది, బుట్ట పోయింది. రాడేం?"

"ఏదో పనుండి ఉంటుంది."

"వాడికా? పనా?" అంది ఫెన్నా. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు మామూలుగా లేదు. చిన్నదైపోయింది. నేను పట్టించుకోలేదు, బడ్డీ దగ్గర జనం నిలబడున్నారు.

పన్నెండున్నరకి ఫెన్నా తన మడతకుర్చీ ఎత్తి తీసుకెళ్ళి వుబ్బో గడికి నట్టనడుమ వేసుకుని కూచుంది. బాట మీద నడిచేవాళ్ళు ఆగారు. పాటలు పాడేవాళ్ళు కూడా ఆగారు. ఉత్సవ కమిటీ డీడెరిక్ నారింజరంగు చొక్కా సర్దుకుంటూ వచ్చాడు. బ్యాంకులో చేసి దిగిపోయినాయన, మర్యాద ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

"అమ్మా, ఈ చోటు నిండి ఉంది."

"ఎవరితో?"

"హూకెమా గారితో."

"ఎక్కడున్నాడు?"

"అది నాకు సంబంధం లేదమ్మా. చోటు మాత్రం ఆయనది."

"చోటు కాదయ్యా, మనిషెక్కడున్నాడని అడుగుతున్నా!"

"అలా అరవకండి. మీరు ఖాళీ చెయ్యకపోతే వచ్చే ఏడు మీకు..."

ఫెన్నా వినలేదు. లేచింది. నా దగ్గరికి వచ్చి "నా గిన్నెలు చూస్తుండు లామ్మీ," అంది.

"ఎక్కడికి?"

"వాడింటికి."

అప్పుడు నేనేమన్నానో తెలుసా? చెప్పడానికి నోరు రావడం లేదు, అయినా చెప్పాలి. "వస్తానని వుబ్బోకి చెప్పి పెట్టుకున్నావా?" అన్నాను. ఫెన్నా నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. చేపని కోసేముందు తాజాదా కాదా అని చూస్తుందే, అలా చూసి వెళ్ళిపోయింది.

ఆ తరవాతిది ఫెన్నా చెప్పింది. ఉత్తరాల మీద ఇంటి నెంబరు ఇరవయ్యారుసార్లు చదివింది కాబట్టి వెతుక్కోనక్కర్లేకపోయింది. గంట కొట్టింది, పలకలేదు. కిటికీలోంచి చూస్తే ముందు గదిలో దీపం పట్టపగలు వెలుగుతోంది. బల్ల మీద అమ్మకానికి కట్టిపెట్టిన జిగ్సా డబ్బాలు, ఖాళీ కుర్చీ. మళ్ళీ గంట, మళ్ళీ గంట. పై అంతస్తులో ఉండే ఎవర్ట్ దిగొచ్చాడు.

"మీకు రమ్మని తేదీ ఇచ్చాడా?"

"ఇవ్వలేదు. మనిషిని ఎప్పుడు చూశావు?"

"బుధవారం అనుకుంటాను. దీపం గురువారం నుంచీ వెలుగుతోంది. కరెంటు దండగ అనుకున్నాను."

"అనుకుని?"

"అనుకుని ఏముంది? నేను తొంగిచూసే రకం కాదమ్మా."

ఫెన్నా అతన్ని పక్కకి తోసి, పెరట్లోకి పోయి, పూలకుండీ ఎత్తి వంటింటి అద్దానికేసి కొట్టింది. లోపల వుబ్బో గచ్చు మీద పడున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమెని చూసి వంకరపోయిన నోటితో, ఒక్కో అక్షరం కూడగట్టుకుని, "అద్దం... డబ్బు... ఎవరు... కడతారు?" అన్నాడట. ఫెన్నా గచ్చు మీద కూలబడి, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, అంబులెన్సు వచ్చేదాకా బండబూతులు తిట్టిందట. ఏ బూతులో అడిగితే చెప్పలేదు.

మేం ఆ అంబులెన్సు కూత విన్నాం. పార్కు గేటు ముందునుంచే పోయింది. ఎవరో ఎక్కువ బీరు తాగి పడుంటారు, అనుకున్నాం. నాలుగింటికి ఫెన్నా తిరిగొచ్చి, కుర్చీ మడిచి, గిన్నెలు సర్దుకుంటూ సంగతి చెప్పింది. అందరూ చుట్టూ మూగారు. ఒక్కొక్కరికీ మాటలు దొరికాయి. "ఎవరైనా ముందే వెళ్ళుండాల్సింది," అన్నాడు డీడెరిక్. "ఎవరైనా," అంది బట్టతలాయన భార్య. "ఎవరో ఒకరు," అన్నాను నేను. ఫెన్నా గిన్నెల సంచీ ఎత్తుకుని పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

మా ఊరికి సిగ్గు రాలేదని కాదు, వచ్చింది. వస్తే మేమేం చేస్తామో తెలుసా? మీటింగు పెడతాం. మంగళవారం సాయంత్రం నా బడ్డీలోనే పెట్టాం. మూడు ఫ్లాస్కుల కాఫీ, తలకొక బిస్కెట్టు. పదిహేడు మంది వచ్చారు. డీడెరిక్ కాగితం మీద స్కేలు పెట్టి పట్టీ గీసుకొచ్చాడు. వుబ్బోని ఆసుపత్రి నుంచి కాలవ అవతల ముసలివాళ్ళ సంరక్షణ గృహానికి మారుస్తున్నారట. ఇకమీదట ఆయన ఒంటరిగా ఉండకూడదు, అంచేత వారానికి మూడుసార్లు, మంగళ గురు శనివారాల్లో, పదిన్నర నుంచి పదకొండు దాకా, వంతులవారీగా ఒకరు వెళ్ళి కూచోవాలి. ఎంత బాగుందీ ఆలోచన! అందరం తలలూపాం. అందరం డైరీలు తీశాం.

పేజీలు తిప్పే చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఒకరికి సెలవుల ప్రయాణం, ఒకరికి పాటల బృందం రిహార్సలు, ఒకరికి మనవరాలి ఈత పరీక్ష. నా మొదటి ఖాళీ నాలుగు వారాల తరవాత మంగళవారం దొరికింది. రాయించుకున్నాను. మనసు తేలికపడింది, చూడండి ఎంత తేలికో.

"ఆదివారం సంగతి?" అని ఎవరో అడిగారు.

"ఆదివారం కుటుంబానికి వదిలేద్దాం," అన్నాడు డీడెరిక్.

ఆయనకి కుటుంబం లేదని ఆ బడ్డీలో ఉన్న పదిహేడు మందికీ తెలుసు. పట్టీలో ఆదివారం గడులు అప్పటికే కొట్టేసి ఉన్నాయి, నీటుగా ఉన్నాయి.

కాగితం ఫెన్నా దగ్గరికి వచ్చింది. ఆమె చూసి పక్కవాళ్ళకి అందించేసింది.

"మీ పేరు రాయలేదు?" అన్నాడు డీడెరిక్.

"రాయను."

"అందరం తలా ఒక చెయ్యి వేస్తేనే కదమ్మా..."

"వాడి మీద నాకెప్పుడు కోపమొస్తే అప్పుడు వెళ్తా. దానికి తేదీ ఎక్కడ రాయను?"

కొందరు నవ్వారు. కొందరు మొహాలు ముడుచుకున్నారు. పద్ధతి లేని మనిషని నా వెనక ఒకావిడ గొణిగింది. నేనూ అవుననే అనుకున్నాను.

ఆ నాలుగు వారాలూ పార్కులో మామూలుగానే గడిచాయి. వంతు చేసొచ్చినవాళ్ళు నా బడ్డీకి వచ్చి చెప్పేవాళ్ళు. కాస్త కోలుకున్నాడనీ, కిటికీ పక్క మంచం ఇచ్చారనీ, తాము పదకొండింటికి లేచేసరికి పాపం గడియారం చూసి తలూపాడనీ. ఫెన్నా రోజూ ఆ దారినే కాలవ వంతెన ఎక్కడం చూసేదాన్ని. కొన్ని రోజులు రెండుసార్లు కూడా. చేతిలో సంచీ, మొహం చిటపటలాడుతూ. "ఏం ఫెన్నా, ఇవాళా కోపమొచ్చిందా?" అని అరిచేదాన్ని. "వాడు సూపు తాగడట! తాగించొస్తా!" అని అరిచి పోయేది. నాకు నవ్వొచ్చేది. వెంట వెళ్దామని ఒక్కనాడూ తోచలేదు. నా తేదీ ఉందిగా.

ఆ మంగళవారం రానే వచ్చింది. బడ్డీకి తాళం వేసి, పొద్దున్నే చేసిన ఆపిల్ టార్టు గుడ్డలో చుట్టుకుని, జుట్టు దువ్వుకుని బయల్దేరాను. పది ఇరవయ్యెనిమిదికి చేరాను. రెండు నిమిషాలు బయటే నిలబడి, సరిగ్గా పదిన్నరకి లోపలికి వెళ్ళాను.

కిటికీ పక్క మంచం మీద ఎవరో ముసలావిడ కూచుని టీవీ చూస్తోంది. గది తప్పానేమోనని బయటికొచ్చి నెంబరు చూశాను. తప్పలేదు. వరండా చివర బల్ల మీద ఫెన్నా కూచుని ఒక అట్టపెట్టెలో కళ్ళద్దాలు, రెండు చొక్కాలు, గడ్డం గీసుకునే బ్రష్షు సర్దుతోంది. తలెత్తి నన్ను చూసింది, నా చేతిలో టార్టుని చూసింది.

"ఎప్పుడు?" అన్నాను.

"ఆదివారం పొద్దున."

"ఎవరైనా ఉన్నారా పక్కన?"

"నేనున్నా."

"ఏమైనా అన్నాడా?"

"పొమ్మన్నాడు. పోలేదు." బ్రష్షుని చొక్కాలో చుట్టి పెట్టింది. "చెయ్యి పట్టుకుంటే లాక్కున్నాడు. మళ్ళీ వాడే ఇచ్చాడు."

పక్కన కూలబడ్డాను. ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ముందు రోషం వచ్చింది. ఇరవై రెండేళ్ళు ఆ మనిషికి కాఫీ పోసినదాన్ని, నాకు తెలియక్కర్లేదా?

"ఆదివారం పోతే నాకెందుకు చెప్పలేదు ఫెన్నా? నా బడ్డీ ఇక్కడికి ఎంత దూరమని? ఒక్క మాట చెప్పుంటే పరిగెత్తుకొచ్చేదాన్ని కాదూ?"

ఫెన్నా అట్టపెట్టె మూత మూసింది. కోప్పడలేదు, గొంతు పెంచలేదు.

"నీ వంతు ఇవాళ కదా లామ్మీ," అంది.